కిటికీ మార్చాలన్నా అనుమతే!

ఇంగ్లాండులోని బాత్ నగరంలో ఎటు చూసినా తేనెరంగు రాతి ఇళ్లే. 1774 నాటికి పూర్తయిన ‘రాయల్ క్రెసెంట్’ ముందు నిలబడితే నెలవంకలా ఒంపు తిరిగిన 30 ఇళ్లు, వాటికి పైకీ కిందికీ జరిగే కొయ్య కిటికీలు... బయటినుంచి ఎంత ముచ్చటో! లోపలుండేవాళ్లకు మాత్రం చలికాలం పరీక్షే.

ఇలాంటి పాత కిటికీలకు ఒంటిపొర అద్దం. సందుల్లోంచి చలిగాలి. ప్లాస్టిక్ చట్రం, రెండు పొరల అద్దం బిగించుకుంటే పోలా అంటారా? అక్కడే ఉంది చిక్కు. చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్న ఇంటికి అనుమతి లేకుండా అలా మార్చేస్తే అది నేరం. జాబితాలో లేని మామూలు ఇల్లయినా సరే, పరిరక్షణ ప్రాంతంలో ఉండి, కౌన్సిల్ ‘ఆర్టికల్ 4’ ఆదేశం ఇచ్చి ఉంటే దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. అద్దాన్ని గళ్లుగా విడదీసే సన్నని కొయ్య పట్టీల మందం కూడా చూస్తారు! అందుకే చాలామంది పాత కిటికీకే మరమ్మతు చేయించి, లోపలివైపు మరో అద్దం పెట్టించుకుంటారు.

ఆ వరసలో ఒక్క ప్లాస్టిక్ కిటికీ ఉన్నా పంటి కింద రాయిలా ఉంటుందనిపించింది నాకు. అవున్లెండి, చలికి వణికేది నేను కాదుగా!

అన్నిసార్లూ కౌన్సిల్‌దే పైచేయి కాదు. 1970ల్లో 22వ నంబరు ఇంటావిడ వీధి తలుపుకు పసుపు రంగు వేయించారు. మళ్లీ తెల్లరంగే వేయాలని నోటీసొచ్చింది. ఆవిడ ససేమిరా అన్నారు. వ్యవహారం మంత్రిదాకా వెళ్లింది. పసుపే ఉండనివ్వమన్నారాయన!