మామగారి జీపు, మా అబ్బాయి జీపు

కిందటి దసరాకి మా అబ్బాయి హైదరాబాద్ నుంచి కొత్త థార్‌లో వచ్చాడు. తెచ్చి సరిగ్గా కొట్టంలో మామగారి జీపు పక్కనే ఆపాడు. కాలం చేసిన మామగారిది 1969 నాటి మహీంద్రా సీజే-3బి. రెండింటికీ అవే గుండ్రటి లైట్లు, అదే నిటారు ముక్కు. "తాతకి మనవడు పుట్టాడర్రా!" అంది మా ఆడపడుచు. అందరం నవ్వాం.

పోలిక ముఖం వరకే. 2020లో వచ్చిన ఈ థార్‌లో ఏసీ, పవర్ స్టీరింగ్, ముందు సీట్లకి ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులు అన్నీ ఉన్నాయి. మామగారి జీపులో సీటుబెల్టులే లేవు. పొద్దున్నే చోక్ లాగాలి, రేడియేటర్‌లో నీళ్ళు చూడాలి, గ్రీజు కొట్టించాలి, పాయింట్లు శుభ్రం చేయించాలి.

"అమ్మేద్దాం అమ్మా, నాన్న ఎలాగూ తీయట్లేదుగా" అన్నాడు మావాడు. మావారు ఒక్క మాటా అనకుండా పెరట్లోకి వెళ్ళిపోయారు. నా ప్రాణం ఉసూరుమంది. నొప్పులొచ్చిన రాత్రి నన్ను తణుకు ఆసుపత్రికి చేర్చిందీ, వీణ్ణి ఇంటికి తెచ్చిందీ ఆ జీపే.

మర్నాడు దోసెలు పోస్తుంటే నాకో సంగతి తట్టింది. మా అత్తగారి ఇనప పెనం రోజూ వాడితే దోసె కాగితంలా లేచొస్తుంది. రెండు నెలలు అటకెక్కిస్తే తుప్పే. నాన్‌స్టిక్‌కి ఆ బాధ లేదు, కొన్న రోజే దోసె వస్తుంది. కానీ పూత పోయిందంటే ఇక పారెయ్యడమే. జీపూ అంతే. కదలకుండా ఉంటే బ్యాటరీ దిగిపోతుంది, కార్బురేటర్‌లో పెట్రోలు జిగురు కడుతుంది, రబ్బరు పైపులు పగుళ్ళిస్తాయి. మేం దాన్ని దాచుకుంటున్నాం అనుకున్నాంగానీ, నిజానికి పాడుచేస్తున్నాం.

మావారితో గట్టిగానే చెప్పాను. "ఆదివారం ఆదివారం తీస్తానంటే ఉంచుదాం. లేదా, చూసుకునేవాళ్ళకి ఇచ్చేద్దాం."

ఆయన సరేనన్నారు. బ్రేకులకీ, టైర్లకీ, కార్బురేటర్‌కీ నా చీటీ డబ్బులు నలభై వేలు కరిగిపోయాయి. యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చట. నంబరులో 'వీఏ' అని ఉంటుంది. కానీ అప్పుడు ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప రోజువారీ పనులకి రోడ్డెక్కకూడదు. మాకు బొమ్మ కాదు, బండి కావాలి. అందుకని ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ టాక్స్ కట్టి, మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకున్నాం.

ఇప్పుడు దూరప్రయాణాలకి మనవలు థార్‌లో బెల్టులు పెట్టుకుని వెళతారు. అందులో నాకు వాదన లేదు, పిల్లల ప్రాణం కన్నా జ్ఞాపకం ఎక్కువ కాదుగా! ఆదివారం మాత్రం మావారు, నేను జీపులో పొలానికి వెళ్ళి ఆకుకూరలు కోసుకొస్తాం. మొన్న ఆయన చేతులు గ్రీజుతో నల్లగా ఉంటే, స్పార్క్ ప్లగ్గు నేనే తుడిచిచ్చాను.

మరి మీ అటక మీద ఏముంది? ఈ ఆదివారం ఒక్కసారి కిందికి దింపి చూడండి.