జాడీకో చెక్క గూడు!

ఫ్రాన్సులో వైను సీసాలకి నేలమాళిగలుంటాయి. అంత వీల్లేనివాళ్లు ఇంట్లోనే ఓ చెక్క బీరువా ఏర్పాటు చేసుకుంటారు. మరి మన గోదావరి జిల్లాల్లో..? అక్కడ ఆ మర్యాదంతా ఆవకాయ జాడీది!

వేసవిలో పెట్టిన పచ్చడి మళ్లీ మామిడికాయ వచ్చేదాకా నిలవాలి. ఎండ సోకకూడదు, తడి తగలకూడదు. సీసాని పడుకోబెడితేనే బిరడా తడిగా ఉండి వైనుకి గాలి తగలదు. జాడీకి ఆ పని పైన తేలే నూనే చేస్తుంది. దానిమీద వాసెన కట్టి చీకటిగదిలోనో, చెక్క అలమరలోనో ఉంచేవారు. చీమలు పట్టకుండా అలమర కాళ్ల కింద నీళ్ల గిన్నెలు!

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పచ్చబడింది. వరి పంట తెచ్చిన కలిమి మండువా లోగిళ్లలో కనిపించింది. వాటి స్తంభాలకీ ద్వారబంధాలకీ మన్యంలోని టేకు గోదావరి మీదుగా దిగి వచ్చేది. నీటి అలల్లాంటి చారలుండే గోదావరి టేకుకి ఫర్నిచరు పనిలో ప్రత్యేకమైన పేరు. చెదలు అంత తేలిగ్గా దాని జోలికి రావు.

అలమర చేయడంలోనూ ఓ లెక్కుంది. డెల్టాలో చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. అందుకే తలుపు పలకని చట్రానికి బిగించేయకుండా గాడిలో వదులుగా కూర్చోబెడతారు. ఒక చెక్క చివరని నాలుకలా చెక్కి, రెండోదానికి తొలిచిన బెజ్జంలోకి దించి, అడ్డంగా చెక్క చీల కొడతారు. ఉప్పుగాలికి ఇనుప మేకు తుప్పు పడుతుంది మరి! నిండు జాడీలు బరువు కాబట్టి అరలకి మందపాటి పలకలే వాడాలి.

1986 వరదనీ, 1996 తుపానునీ తట్టుకుని నిలిచిన లోగిళ్లు కూడా అన్నదమ్ముల పంపకాల ముందు నిలవలేకపోతున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే పెంకులు సర్దించేదెవరు? ఇల్లు పడగొట్టగానే దూలాలూ తలుపులూ పాత కలప వ్యాపారుల చేతికి వెళ్లిపోతాయి. తాతముత్తాతల ఇల్లు ఘనపుటడుగుల లెక్కలోకి మారిపోతుంది.

అమ్మేముందు ఒక్క తలుపుని పక్కన పెట్టుకున్నా చాలు... అపార్టుమెంటు వంటింట్లో పట్టే చిన్న అలమర తయారవుతుంది. ఏళ్ల తరబడి ఆరిన కలప కాబట్టి కొత్తదానిలా వంకర్లు పోదు. ముందు చెద తిన్నచోటు తీసేయాలి. లోపల విరిగిన మేకులుంటే లాగేయాలి, లేదంటే రంపం పళ్లు పోతాయి. పైపైన చిత్రిక పడితే లోపలి రంగు బయటపడుతుంది. స్టవ్వుకి దూరంగా, ఎండ పడని గోడకి చేర్చి పెడితే సరి.

లోగిలి మొత్తాన్నీ నిలబెట్టుకోవడం అందరివల్లా కాదు. అమ్మమ్మ చేయి పడిన తలుపు వెనక ఈ ఏటి ఆవకాయని దాచుకోవడం మాత్రం కుదిరే పనే!