ఫోను మోగని పది రోజులు

హైదరాబాద్‌ నుంచి నాగార్జునసాగర్‌ వెళ్లే దారిలో, వనస్థలిపురం దగ్గర ఉంది ధమ్మఖేత్త విపశ్యన ధ్యాన కేంద్రం. రాత్రీపగలూ తేడా లేని ఉద్యోగాలతో అలసి వచ్చినవాళ్లు ముందుగా సెల్‌ఫోన్‌ అప్పజెప్పాలి. పుస్తకం, పెన్ను కూడా కుదరవు. పక్కవాళ్లతో మాటల్లేవు, సైగలూ లేవు. అలాగని హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చనుకుంటే పొరపాటే! తెల్లవారుజామున నాలుగింటికే గంట మోగుతుంది. రోజుకి దాదాపు పది గంటల ధ్యానం. మొదట్లో ఆఫీసే నయమనిపిస్తుంది. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, చెయ్యి అలవాటుగా జేబు తడుముతుంది.

1976లో ఈ కేంద్రాన్ని ప్రారంభించిన సత్యనారాయణ గోయెంకా కూడా ఒకప్పుడు బర్మాలో తీరికలేని వ్యాపారే. తగ్గని మైగ్రేన్‌ తలనొప్పే 1955లో ఆయన్ని ధ్యానం వైపు నడిపించింది. ఇక్కడ ఫీజు లేదు. కోర్సు పూర్తిచేసినవాళ్ల విరాళాలే ఆధారం. పదో రోజు మౌనం విడుస్తారు. పదకొండో రోజు పొద్దున్నే ఇంటిదారి.