హైదరాబాద్ పేరు మోసిన బాంబర్లు

నిజాం కాలంలో మా బాసర ఇంకా ఆదిలాబాద్ జిల్లాలో కలవలేదు. ముథోల్ తాలూకా అంతా నాందేడ్ జిల్లా కింద ఉండేది. ఇంట్లో తెలుగు, అంగడిలో మరాఠీ, కచేరీలో ఉర్దూ. గోదావరి వంతెన మీదుగా మీటరు గేజి బండి అటు మన్మాడ్‌కు, ఇటు హైదరాబాద్‌కు పోయేది. చేతిలో ఆడేది నిజాం రాజ్యపు హాలీ సిక్కా. ఆరు కల్దార్, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు కావాలంటే ఏడు హాలీలు పెట్టాలి. నల్లరేగడిలో పత్తి, జొన్న పండించిన రైతు ఆ హాలీల్లోనే కిస్తు కట్టేవాడు. పట్వారీ రాసుకుని తీసుకుపోయిన సొమ్ము ఎక్కడికి పోతుందో అడిగే అలవాటు ఊళ్లో ఎవరికీ లేదు. సర్కారుకు పోతుంది, అంతే.

సర్కారు నుంచి అది ఎంత దూరం పోయిందో నేను పెద్దయ్యాక పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వాయుసేనకు ఒక దళానికి సరిపడా బాంబర్లను కానుకగా ఇచ్చాడు. డీహెచ్-9ఏ అనే రకం, పగటిపూట బాంబులు వేసేవి. నిజాం ఇచ్చిన కానుక అని ఒక్కో విమానం మీద రాయించారు. 1918లో అవి ఫ్రాన్సు నుంచి జర్మనీ మీదికి వెళ్లాయి. వాటిని నడిపిన 110వ దళానికి హైదరాబాద్ దళమనే పేరు అలా వచ్చింది. దాని చిహ్నంలోని పులి కూడా నిజాం వంశ చిహ్నం నుంచి తీసుకున్నదే. కానుక రాజుది. రాజ్యపు రాబడిలో పెద్ద పద్దులు నేల శిస్తు, ఆబ్కారీ. కాబట్టి ఆ రెక్కల్లో మా నల్లరేగడి చెమట కూడా కొంత ఉందని నేను నమ్ముతాను.

రెండో యుద్ధం మొదలయ్యేనాటికి ఆ దళం ఇంగ్లండు తూర్పున సఫోక్ జిల్లాలో, వాటిషామ్ అనే విమాన స్థావరంలో ఉంది. 1939లో తెరిచిన కొత్త స్థావరం. చుట్టూ గోధుమ, బార్లీ పొలాలు. విమానాలు దిగేది గడ్డి నేల మీదే. బ్లెన్‌హైమ్ బాంబరుకు ముగ్గురే మనుషులు. నడిపేవాడు, దారి చూసి బాంబు వదిలేవాడు, వైర్‌లెస్‌తో పాటు తుపాకీ కూడా చూసుకునేవాడు. ఆ ముగ్గురిని పైకి పంపడానికి కింద ఎందరో. ఇంజను మేస్త్రీలు, రెక్కలు, తొడుగు చూసేవాళ్లు, బాంబులను బండి మీద తోసుకొచ్చి పొట్ట కింద బిగించేవాళ్లు, పారాచూట్లు మడత పెట్టేవాళ్లు, వంటవాళ్లు, గుమాస్తాలు. చలిలో చేతి తొడుగులు వేసుకుంటే చిన్న మరలు చేతికి చిక్కవు, తీసేస్తే వేళ్లకు ఇనుము అంటుకుంటుంది. టీ బండి వస్తే పని ఆపి దాని చుట్టూ మూగేవారు. రేషన్ రోజుల్లో గుడ్డు దొరకడం గొప్ప సంగతి, దాడికి వెళ్లొచ్చేవాళ్లకు అది పెట్టేవారు. మిగతా పొద్దంతా ఎదురుచూపే. వాతావరణం తేటపడాలని, ఫోను మోగాలని, మోగకూడదని. పేకాట, ఉత్తరాలు రాసుకోవడం, సాయంత్రం సైకిలు మీద పక్క ఊరి పానశాలకు.

బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడు, 1939 సెప్టెంబరు 4న, ఆ స్థావరం నుంచి హైదరాబాద్ దళం బ్లెన్‌హైమ్‌లు అయిదు, పొరుగున ఉన్న 107వ దళానివి అయిదు బయలుదేరాయి. విల్‌హెల్మ్స్‌హాఫెన్ దగ్గర లంగరు వేసిన జర్మన్ నౌకల మీద దాడి. ముందు నడిచింది హైదరాబాద్ దళానికి చెందిన కెన్ డోరన్. మబ్బులు కిందికి దిగి ఉండటంతో చాలా తక్కువ ఎత్తులో పోవాల్సి వచ్చింది. అడ్మిరల్ షీర్ అనే యుద్ధనౌక మీద పడిన బాంబులు పేలకుండా ఎగిరిపోయాయి. కూలిన ఒక బ్లెన్‌హైమ్ ఎమ్డెన్ అనే నౌకకు తగిలి, దాని మీది నావికులు చనిపోయారు. 1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఎమ్డెన్ పేరే ఈ కొత్త నౌకకు పెట్టారు. హైదరాబాద్ దళంలో ఒకటి, 107లో నాలుగు తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం వాటిషామ్‌లో ఉన్న మేస్త్రీల గురించే నేను ఎక్కువగా ఆలోచిస్తాను. తన చేతులతో పొద్దున సిద్ధం చేసిన విమానం రాకపోతే ఆ మేస్త్రీకి మర్నాడు చేసే పనేమీ ఉండదు, ఇంకో విమానం వచ్చేదాకా. రానివాళ్ల పెట్టెలు, ఉత్తరాలు, బట్టలు సర్ది ఇళ్లకు పంపడానికి వాయుసేనలో వేరే ఏర్పాటే ఉండేది. మంచం కొత్తవాడికి ఇచ్చేవారు.

మా దగ్గర ఆ యుద్ధకాలాన్ని లడాయి రోజులు అనేవారు. మా అవ్వ చెప్పినదాంట్లో బాంబులు లేవు. గాసునూనె దొరకక పొద్దు గూకకముందే బువ్వలు తినేయడం, కంట్రోలు బట్టకు వరుసలో నిలబడటం, లెవీ గల్లా కోసం వచ్చే అధికారులకు జడిసి జొన్నలు గుంతల్లో దాయడం, ఇవే. అవ్వకు బ్లెన్‌హైమ్ అంటే తెలియదు. వాటిషామ్‌లో మేస్త్రీకి ముథోల్ తెలియదు. ఆ రెండు చోట్లనూ కలిపింది ఒక్క హైదరాబాద్ పేరే.

1942లో ఆ దళాన్ని మన దేశానికి పంపారు. ఇక్కడ దానికి వెంజెన్స్ అనే డైవ్ బాంబర్లు ఇచ్చారు. ఇద్దరే ఎక్కేది, దాదాపు నిటారుగా కిందికి దూకి బాంబు వదిలేది. బర్మా సరిహద్దులో, అరకాన్ అడవుల్లో జపాన్ సేనల మీద పని. స్థావరమంటే వెదురు, తాటాకు గుడిసెలు, వాన, బురద, దోమలు. మలేరియాకు ఇచ్చే మాత్రలతో ఒళ్లు పసుపుపచ్చగా మారేది. తూర్పున అలాంటి విమానాల బాటల కోసం వేల మంది కూలీలు, వాళ్లలో ఎందరో ఆడవాళ్లు, తట్టలతో మట్టి మోశారు. వాళ్ల గురించి పుస్తకాల్లో ఒక ఫొటో, దాని కింద ఒక వాక్యం, అంతకు మించి ఉండదు. నాకది కష్టంగా ఉంటుంది.

యుద్ధం చివరికి ఆ దళానికి మస్కిటో అనే బాంబర్లు వచ్చాయి. జపాన్ లొంగిపోయిన తర్వాత కూడా, 1945 ఆగస్టు 20న, సిత్తాంగ్ నదికి తూర్పున పోరు వదలని సైనికుల మీద ఈ దళమే దాడి చేసింది. ఆ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన వేసిన చివరి బాంబులు అవేనంటారు.

తర్వాత ఒక్కొక్కటే పోయాయి. 1948లో నిజాం రాజ్యం, 1956లో హైదరాబాద్ రాష్ట్రం. అదే ఏడు ముథోల్ తాలూకా ఆదిలాబాద్‌లో కలిసింది. హాలీ సిక్కా చెల్లుబాటు ఆగింది. 110వ దళాన్ని 1971లో సింగపూర్‌లో రద్దు చేశారు, అప్పటికి దాని చేతిలో ఉన్నవి హెలికాప్టర్లే. మీటరు గేజి పట్టాలూ లేచిపోయాయి. యూరప్ మీద ఎగిరి, సమాధి కూడా దక్కని వైమానికుల పేర్లు ఇంగ్లండులో రన్నీమీడ్ దగ్గర రాతి మీద చెక్కి ఉన్నాయి. వాటిషామ్ నుంచి పోయి రానివాళ్ల కోసం అక్కడ వెతకవచ్చు. తట్ట మోసిన ఆడవాళ్లకూ కిస్తు కట్టిన మా ముందుతరాలకూ అలాంటి రాయి లేదు. అందుకే వాళ్లను కూడా ఈ దళం కథలోనే కలిపి రాశాను.