ఎవరి పక్షాన ప్రార్థించాము?

మాకు బుద్ధి చెప్పిన ఒక సాయంకాలం గురించి ఈవేళ మీతో పంచుకుంటాము.

2025 జూలై 28. జార్జియా దేశంలోని బతూమిలో మహిళల చదరంగం ప్రపంచ కప్ ఫైనల్. మందిరం వరండాలో పిల్లలతో కలిసి మేమిద్దరమూ ఫోను చుట్టూ చేరాము. ఒకవైపు మన కోనేరు హంపి. 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ర్యాపిడ్‌లో రెండుసార్లు ప్రపంచ విజేత. ఎదుట నాగపూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్, 19 ఏళ్లది. సీడింగ్‌లో 15వ స్థానం. గ్రాండ్‌మాస్టర్ కావడానికి కావలసిన నార్మ్ ఒక్కటీ లేదు. అయినా క్వార్టర్ ఫైనల్లో మన హారికను ఓడించి వచ్చింది. అందుకే మాకు మరీ పట్టుదల.

"ప్రభువా, హంపి అక్కకు జయమియ్యి" అని పిల్లలు ప్రార్థిస్తే మేము ఆమేన్ అన్నాము.

అంతకుముందు ఆడిన రెండు ఆటలూ డ్రా. ఇక టైబ్రేక్: ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 10 సెకన్లు అదనం. అందులోనూ మొదటిది డ్రా. రెండో ఆటలో తెల్లపావులు హంపివి. గడియారం తరుముతుంటే ఆమె పొరబడింది. ఓటమి ఒప్పుకొని చేయి కలిపింది. ఆ గెలుపుతోనే దివ్య గ్రాండ్‌మాస్టర్ అయింది. తల్లిని కౌగిలించుకొని ఏడ్చింది.

వరండాలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒక చిన్నది అడిగింది: "అయ్యగారూ, ఆ అక్క కోసం మనమెందుకు ప్రార్థన చేయలేదు?"

మా దగ్గర జవాబు లేదు. దావీదు, గొల్యాతుల కథ ఏటా సండే స్కూల్లో చెప్పేది మేమే. కాని బలవంతులు మనవాళ్లయితే చిన్నవాళ్లు మా కంటికి ఆనరు. పోయిన ఏడు పొలం గట్టు తగాదాతో ఒక విధవరాలు మా గుమ్మం తొక్కింది. అవతలివాడు మా సంఘపెద్ద. "సర్దుకుపోమ్మా" అని పంపేశాము.

ఆ రాత్రి పిల్లలు మళ్లీ మోకరించారు. హంపికి ఓదార్పు అడిగారు, దివ్య కోసం స్తుతి చెల్లించారు.

మరునాడు ఉదయమే మేము ఆ విధవరాలి ఇంటికి వెళ్లాము. గట్టు సంగతి ఇంకా తేలలేదు. ఆమె మాట మాత్రం ఈసారి చివరిదాకా విన్నాము. మా కోసం ప్రార్థించండి.