ఖాళీ గడులు

పదేళ్ళ కిందట జున్నుపాల కోసం వెళ్ళి ఆయన్ని కలిశాను. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్‌కు దక్షిణాన ఉంటాం. మా వీధి అయిపోయిన చోట మొక్కజొన్న చేలు మొదలవుతాయి. ఆ చేల వెనక ఎర్రరంగు వేసిన పశువుల కొట్టం ఉంది. మా ఆవిడ అప్పుడు ఏడో నెలలో ఉంది. జున్ను తినాలని ఉందంటే, ఒక సాయంత్రం గిన్నె పట్టుకుని ఆ కొట్టం గుమ్మంలో నిలబడ్డాను.

లోపల అరవై హోల్‌స్టీన్ ఆవులు రెండు వరసల్లో నిలబడి ఉన్నాయి. పెద్దాయన ఒక ఆవు పక్కన గొంతుకూర్చుని పొదుగు తుడుస్తున్నాడు. దూలానికి కట్టిన పాత రేడియోలో ఎవరో ఉద్వేగంగా ఏదో చెబుతున్నారు. నేను వచ్చిన పని చెప్పాను. ఆయన వేలెత్తి, “ఒక్క నిమిషం, బేస్‌లన్నీ నిండి ఉన్నాయి” అన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. దూడకు పట్టగా మిగిలిన మొదటి పాలు గిన్నెనిండా పోసి, డబ్బులివ్వబోతే వద్దన్నాడు. మర్నాడు జున్ను ముక్క తీసుకెళ్ళి ఇచ్చాను. డెబ్భై ఏళ్ళకు దగ్గరపడిన ఆ పాడిరైతు జీవితంలో జున్ను రుచి చూడటం అదే మొదటిసారి.

అలా మొదలైంది మా స్నేహం. బేస్‌బాల్ నాకు నేర్పింది ఆయనే.

బోస్టన్‌లో ఉన్న బ్రేవ్స్ జట్టు 1953లో మా రాష్ట్రంలోని మిల్వాకీకి వచ్చింది. 1957లో ఆ జట్టు న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచింది. హాంక్ ఆరన్ కొట్టిన హోమ్ రన్ల గురించి, ఒకే సిరీస్‌లో మూడు ఆటలు గెలిపించిన లూ బర్డెట్ గురించి పెద్దాయన నిన్న జరిగినట్టే చెప్పేవాడు. అప్పటికి ఆయనకు పదేళ్ళు. తండ్రి పాలు పితుకుతుంటే, దూడలకు పాలు తాపుతూ అదే కొట్టంలో రేడియోలో విన్నాడట. 1966లో ఆ జట్టు అట్లాంటాకు తరలిపోయింది. 1970లో బ్రూవర్స్ జట్టు వచ్చేదాకా మిల్వాకీకి సొంత జట్టు లేదు. ఆ నాలుగేళ్ళ మాట వస్తే ఆయన మౌనంగా ఉండిపోయేవాడు. 1971 నుంచి రేడియోలో బ్రూవర్స్ ఆటలకు బాబ్ యూకర్ వ్యాఖ్యానం మొదలైంది. యాభై నాలుగు సీజన్ల పాటు ఆ గొంతు ఆ కొట్టంలో వినిపించింది.

పాడి ఎరిగిన ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి ఆయన కష్టం నాకు కొత్త కాదు. మాది తెనాలి దగ్గర పల్లె. ఆవుకు ఆదివారం లేదు, పండగ లేదు. తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి. ముందు ధారలు పిండి చూడాలి, పొదుగు శుభ్రం చేయాలి, పాలు చేపుకు వచ్చాక మిషను తగిలించాలి. ఒక్క పూట తప్పితే పొదుగు గట్టిపడి వాపు రావచ్చు. ఏడాదికి ఏడు వందల ముప్ఫై పూటలు. బేస్‌బాల్ కూడా దాదాపు అలాంటిదే అనేవాడాయన. ఆరు నెలల్లో నూట అరవై రెండు ఆటలు, ఇంచుమించు రోజూ ఒకటి. ఇవాళ ఓడితే రేపు మళ్ళీ ఆడాల్సిందే. ఏడుస్తూ కూర్చునే వీలు ఆటగాడికీ లేదు, పాడిరైతుకూ లేదు.

ప్రతి ఆటకూ ఆయన స్కోరు రాసుకునేవాడు. పెన్సిల్‌తో, గడుల నోట్‌బుక్కులో. మైదానంలో తొమ్మిది స్థానాలకూ తొమ్మిది అంకెలుంటాయి. 6–4–3 అని రాస్తే, బంతి షార్ట్‌స్టాప్ నుంచి రెండో బేస్‌కు, అక్కడి నుంచి మొదటి బేస్‌కు వెళ్ళి ఇద్దరు అవుటయ్యారని అర్థం. అలాంటి నోట్‌బుక్కులు అటక మీద వరసగా ఉండేవి.

ఒకరోజు 1982 నాటిది తీసి చూపించాడు. బ్రూవర్స్ ఆడిన ఒకే ఒక్క వరల్డ్ సిరీస్ అది. సెయింట్ లూయిస్ కార్డినల్స్ మీద ఏడో ఆట, అక్టోబర్ 20 రాత్రి. ఆరో ఇన్నింగ్స్‌లో బ్రూవర్స్ 3–1తో ముందున్నారు. ఆ తర్వాత సగం ఇన్నింగ్స్ గడులన్నీ ఖాళీ. పక్కన చిన్న అక్షరాలతో ‘పెయ్యదూడ. తల్లీ బిడ్డా క్షేమం’ అని రాసుంది. ఆ ఖాళీ గడుల్లోనే కార్డినల్స్ మూడు పరుగులు చేశారు. ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికి బ్రూవర్స్ 4–3తో వెనకబడ్డారు. చివరికి 6–3తో ఓడిపోయారు.

“అంత ముఖ్యమైన ఘట్టం పోయిందని బాధ లేదా?” అని అడిగాను.

“తిరిగొచ్చిన దగ్గర్నుంచి రాసుకున్నాగా” అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు పట్టలేదు.

1950 ప్రాంతాల్లో ఈ రాష్ట్రంలో లక్షకు పైగా పాడి కుటుంబాలుండేవి. ఇప్పుడు ఆరు వేలు కూడా లేవు. పాల ధర పెట్టుబడికి చాలక 2019లో పెద్దాయన కూడా ఆవుల్ని అమ్మేశాడు. ఇకనైనా ఇంట్లో కుర్చీలో కూర్చుని ఆట మొత్తం హాయిగా వింటాడనుకున్నాను. ఆయన మాత్రం నోట్‌బుక్కు పట్టుకుని ఆ ఖాళీ కొట్టంలోకే వెళ్ళి కూర్చునేవాడు.

2025 జనవరిలో యూకర్ చనిపోయాడు. అదే చలికాలంలో పెద్దాయనా పోయాడు. అంత్యక్రియల తర్వాత చర్చి నేలమాళిగలో భోజనాల దగ్గర, ఒక బల్ల మీద ఆయన ఫొటోలతో పాటు నోట్‌బుక్కులన్నీ పేర్చి పెట్టారు. చివరిదాంట్లో ఆఖరి పేజీ 2024 అక్టోబర్ 3 నాటిది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మెట్స్ జట్టు చేతిలో బ్రూవర్స్ ఓడిన రాత్రి. ఒక్క గడీ ఖాళీ లేదు. వెనక్కి తిప్పి చూశాను. ఆవులు పోయాక రాసిన పేజీలన్నీ నిండుగా ఉన్నాయి. ఆవులున్న రోజుల పేజీల్లో మాత్రం అక్కడక్కడా ఖాళీలు, పక్కన దూడల సంగతులు, ఎండుగడ్డి తడిసిన సంగతి, బిడ్డకు జ్వరం వచ్చిన సంగతి. ఆ ఖాళీల్లోనే ఆయన బతుకంతా ఉంది.

అక్కడ నిలబడే మా నాన్నను తలుచుకున్నాను. ఊళ్ళో ఆయనకు ఇప్పటికీ రెండు గేదెలున్నాయి. తీరిగ్గా ఒక గంట మాట్లాడే వీలుంటేనే ఫోన్ చేయాలన్నది నా పద్ధతి. ఆ గంట దొరక్క వారాలు గడిచిపోయేవి. గడిచిన వారాల సిగ్గుతో ఇంకొన్ని వారాలు చేసేవాణ్ణి కాదు. దాన్ని నేను ప్రేమ అనుకున్నాను. పూర్తిగా ఇవ్వలేనప్పుడు అసలు ఇవ్వకుండా ఉండటం ప్రేమ కాదని పెద్దాయన పుస్తకాలు చెప్పాయి. అరవై ఆవుల మధ్య, చేతిలో పని ఆగకుండా, వినగలిగినంత విని, రాయగలిగినంత రాసి ఆయన ఒక ఆటను జీవితాంతం ప్రేమించాడు. తీరిక కోసం ఎదురుచూడలేదు.

ఇప్పుడు పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరగానే ఫోన్ చేస్తాను. అక్కడ అది సాయంత్రం, నాన్న పాలకేంద్రం నుంచి తిరిగొచ్చే వేళ. “వెన్న శాతం ఎంత వచ్చింది నాన్నా?” అంటాను. “ఏడు మీద రెండు రా” అంటాడు. అమ్మ మోకాళ్ళు, వాన, దాణా ధర. ఐదు నిమిషాలు. కొన్ని రోజులు కుదరదు. మర్నాడు మళ్ళీ చేస్తాను.

మీకూ అలా వాయిదా పడుతున్న మనిషో, పనో ఉంటే తీరిక కోసం ఆగకండి. ఐదు నిమిషాలుంటే ఆ ఐదు నిమిషాలే ఇవ్వండి.