గుండుగాడూ, ఓనరుగారి గుమ్మమూ

మీలో అద్దె ఇంట్లో కుక్కపిల్లని పెంచుతున్న వాళ్ళెవరైనా ఉంటే ఈ నాలుగు ముక్కలూ మీకోసమే. సొంత ఇల్లయితే గుమ్మం పోయినా మనదే పోతుంది. మాది పైవాటా, కింద ఓనర్లు. అన్నీ టేకు గుమ్మాలు, టేకు తలుపులు. ఇల్లు చూపించిన రోజే ఓనరు పిన్నిగారు, "మా మావగారు దగ్గరుండి చేయించిన కలపండీ, మేకు కూడా కొట్టకూడదు" అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. మేకు కొట్టలేదు. క్యాలెండరు కూడా కిటికీ ఊచకే కట్టుకున్నాను.

ఇంతలో ఒక వానాకాలం సాయంత్రం మా అబ్బాయి ట్యూషన్ నుంచి వస్తూ చొక్కాలో దాచి ఒక పిల్లని తెచ్చాడు. వీధికుక్క పిల్లే. "రెండ్రోజులమ్మా" అన్నాడు. ఆ రెండ్రోజులూ ఇంకా అవలేదు. పొట్ట గుండ్రంగా ఉందని గుండు అని పేరు పెట్టాం. పిన్నిగారిని అడిగితే, "ఇల్లు పాడు చేయనంతవరకూ ఉండనివ్వండి" అన్నారు.

నాలుగో నెల వచ్చేదాకా బంగారం లాంటి పిల్ల. ఆ తర్వాత మొదలైందండీ! ముందు కాళ్ళ పట్టా, తర్వాత మావారి చెప్పు. ఓ పొద్దున్న ముగ్గు వేసి వచ్చేసరికి హాలు గుమ్మం దగ్గర రంపప్పొట్టు లాంటిది కనిపించింది. గుమ్మం అంచు జానెడు మేర ఎలుక కొరికిన కొబ్బరిచిప్పలా ఉంది. గబగబా చెప్పుల స్టాండు లాక్కొచ్చి అడ్డం పెట్టాను. నేనే దొంగతనం చేసినట్టు గుండె దడదడలాడింది.

పక్కవాటా ఆవిడ కారం పూయమంది. పూశాను. ఆ తప్పు మీరు చెయ్యకండి. నాలుక పెట్టి, మండి, పంజాతో మూతి తుడుచుకుంటే ఆ కారం కళ్ళల్లోకి పోయింది. మగ్గులతో నీళ్ళు పోసి కడుగుతుంటే అది ఏడ్చిన ఏడుపుకి నాకూ ఏడుపొచ్చింది.

ఇంజక్షన్‌కి తీసుకెళ్ళినప్పుడు పశువుల డాక్టరుగారితో చెప్పుకుంటే ఆయన నవ్వారు. కుక్కపిల్లలకి పాలపళ్ళు 28 ఉంటాయట. నాలుగు నెలల నుంచి అవి ఊడి, ఆరేడు నెలలకల్లా 42 గట్టిపళ్ళు వస్తాయట. ఆ మధ్యకాలమంతా చిగుళ్ళు దురద. "మీ అబ్బాయి పళ్ళొచ్చేటప్పుడు ఏదీ కొరకలేదామ్మా?" అన్నారు. కొరకకేం, ఉయ్యాల కొయ్య మీద వాడి పళ్ళ గుర్తులు ఇప్పటికీ మా అమ్మ అందరికీ చూపిస్తుంది!

కొరికేశాక ఎంత తిట్టినా దానికి ఎందుకో అర్థం కాదట. కొరుకుతుండగా పట్టుకుని, నోటికి ఇంకోటి అందించాలి. పాత తువ్వాలు ముడేసి, తడిపి, ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తున్నాను. దారాలు ఊడితే పారేస్తాను, మింగితే ప్రమాదం. చల్లటి క్యారెట్ ముక్క కూడా ఇష్టంగా తింటాడు. పాత చెప్పు మాత్రం ఇవ్వకండి. పాతదేదో కొత్తదేదో వాడికేం తెలుసు? గుమ్మానికి వేపాకు నూరి పట్టించాను. వాసన చూసి మొహం చిట్లించి రెండో గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. దానికీ పట్టించాను. ఫ్రిజ్ వైరు మావారు ప్లాస్టిక్ గొట్టంలోంచి లాగారు.

ఇన్ని చేసినా అసలుది మర్చిపోయాను. ఓ మధ్యాహ్నం టీ పెడదామని వంటింట్లోకి వెళ్తే గుప్పున గ్యాసు వాసన. గట్టు కింద గుండుగాడు, నోట్లో గ్యాసు పైపు! వాణ్ణి బయటికి తోసి, రెగ్యులేటరు కట్టేసి, కిటికీలూ తలుపులూ బార్లా తీశాను. గ్యాసు గాలికంటే బరువు, నేలమీదే పేరుకుంటుంది కాబట్టి కిటికీలొక్కటే తీస్తే చాలదు. స్విచ్చుల జోలికి పోలేదు. మెట్లమీద కూర్చున్నాక గానీ కాళ్ళు వణుకుతున్నట్టు తెలియలేదు.

సాయంత్రం మావారు, "గుమ్మం సరే, ఇది ఇల్లే తగలబెట్టేలా ఉంది, ఎవరికైనా ఇచ్చెయ్" అన్నారు. పిల్లాడు అన్నం తినకుండా పడుకున్నాడు. నేను పైపు తిరగేసి చూశాను. ఐదేళ్ళకోసారి మార్చాల్సిన పైపు, గడువు ఎప్పుడో దాటిపోయింది. నేను పట్టించుకోలేదు. ఆ మాట మావారితో అన్నాక ఆయన ఇంకేం మాట్లాడలేదు. మర్నాడే లోపల ఉక్కు తీగ అల్లిక ఉండే నారింజరంగు పైపు వేయించి, గట్టు కింద అడ్డంగా చెక్క పెట్టించాం.

ఆ నెల పిన్నిగారు అద్దెకి వచ్చినప్పుడు చెప్పుల స్టాండు నేనే పక్కకి జరిపాను. ఆవిడ వంగి చూసి, చాలాసేపు మాట్లాడలేదు. "వడ్రంగిని నేనే పిలుస్తాను, డబ్బు మీరివ్వండి" అన్నారు. అతను రంపప్పొట్టూ ఫెవికాలూ కలిపి నింపి, నునుపు చేసి పాలిష్ పెట్టాడు. అంచుకి అల్యూమినియం పట్టీ కొట్టాడు. నా చీటీ డబ్బులు కరిగాయి.

ఇప్పుడు ఆవిడ అద్దెకొచ్చిన ప్రతిసారీ ఆ గుమ్మం మీద వేలు రాసి చూసుకుంటారు. ఉడికిన కోడి ఎముకలు తెచ్చి పెట్టబోతే, గొంతులో గుచ్చుకుంటాయని వద్దన్నాను. కాస్త చిన్నబుచ్చుకున్నారు. పోయిన నెల మాత్రం మెట్లు దిగుతూ ఆగి, "రాత్రి వాడి అరుపు వినబడలేదేమిటి, ఒంట్లో బావుందా?" అని అడిగారు.